వినని వాళ్ళు

పోయిన వారం లొరెట్టా స్టిడమ్‌ని మనం వాషింగ్టన్‌లోని ఆ పెద్ద హోటల్లో లిఫ్టు ముందు వదిలేశాం. ఆమె చేతిలో ప్రొఫెసర్ ఆల్డెన్ ప్రూయిట్ రాసిన వ్యాసం ఉంది. రాజకీయశాస్త్రం చెప్పే ప్రొఫెసర్లంతా ఏడాదికోసారి చేరే ఆ సమావేశంలో, ఆ వ్యాసం మీద అందరి ముందూ విమర్శ చెప్పాల్సింది ఆమే. వారాల ముందే అందాల్సిన వ్యాసాన్ని ప్రూయిట్ ఆ ఉదయమే ఆమె గది తలుపు కిందనుంచి తోయించాడు. ప్రెసిడెంట్ హాల్వర్సన్ వసంతకాలంలో టీవీలో చేసిన ప్రసంగం దేశం మనసు మార్చేసిందనీ, నూటికి తొమ్మిది మంది కొత్తగా ఆయన వైపు తిరిగారనీ అందులో ఉంది.

ఆ తొమ్మిది మందిని నమ్ముకునే వైట్‌హౌస్ ఇప్పుడు గని కార్మికుల బిల్లు మీద సెనేటర్ టర్‌పిన్‌తో కుదిరిన రాజీని కాలదన్నబోతోంది. రాజీ పోతే, బొగ్గు గనుల్లో ఊపిరితిత్తులు పాడైనవాళ్ళకు వైద్యం చేసే క్లినిక్కులు నెలాఖరుకి మూతపడతాయి. వెస్ట్ వర్జీనియా కొండల్లో అలాంటి ఒక క్లినిక్కులో, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం తగిలించుకుని లొరెట్టా తమ్ముడు ఓరిస్ కూర్చున్నాడు. రాజీ నిలబడుతుందని అతనికి మాటిచ్చింది లొరెట్టానే.

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. లోపల మెడలో పేరు బిళ్ళలు వేలాడేసుకున్న ప్రొఫెసర్లు కిక్కిరిసి ఉన్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. ఒకరి బిళ్ళ ఒకరు చదువుకుని, పనికొచ్చే మనిషి కాదనుకుంటే పైనున్న అంకెల వైపు చూస్తున్నారు. లొరెట్టా వ్యాసంలోని పట్టికని మళ్ళీ చూసింది. ప్రసంగానికి ముందు ప్రశ్నలు అడిగిన మనుషుల్లో, ప్రసంగం తర్వాత సగం మంది కూడా లేరు. మిగిలినవాళ్ళు ఎక్కడికి పోయారో వ్యాసంలో ఎక్కడా లేదు.

ఆ ముందు సర్వే చేయించింది ఆమే. ప్రూయిట్ దగ్గర డాక్టరేట్ చేసిన రోజుల నుంచి ఆమెకి అబ్బిన పని అది. ప్రెసిడెంట్ మాట్లాడక ముందు జనాన్ని అడగాలి, మాట్లాడాక ఆ మనుషులనే మళ్ళీ అడగాలి. ఒక్కరిని కూడా వదలకూడదు. ఆ నియమం ఆమెకి నేర్పింది ప్రూయిట్. రాత్రి భోజనాల వేళ ఫోను చేస్తే తిట్టేవాళ్ళని ఎలా బుజ్జగించాలో నేర్పింది కూడా ఆయనే. లిఫ్టు ఆగేలోపు ఆమెకి జరిగింది అర్థమైంది.

గది నిండిపోయింది. గోడలకి ఆనుకుని కూడా నిలబడ్డారు. సభ నడుపుతున్నది ఇర్విన్ కాట్జ్‌మన్. రిటైరవడానికి సిద్ధంగా ఉన్న పెద్దాయన. ఎవరెంతసేపు మాట్లాడాలో రాసిన చీటీలు, కాఫీ కప్పు ముందు పెట్టుకున్నాడు. వెనక వరసలో మెడలో బిళ్ళ లేని మనిషి ఒక్కడే ఉన్నాడు. గ్రాంట్ టోలండ్. ప్రెసిడెంట్ ఎప్పుడు, ఎక్కడ, దేని గురించి మాట్లాడాలో చూసేది అతనే.

ప్రూయిట్ బాగా మాట్లాడాడు. ఆయనెప్పుడూ బాగానే మాట్లాడతాడు. ప్రెసిడెంట్లు ఎంత మాట్లాడినా జనం కదలరని ఇన్నేళ్ళుగా మనమంతా రాస్తూ వచ్చామనీ, ఈసారి ఒక ప్రెసిడెంట్ మన పుస్తకాలన్నీ తిరగరాశాడనీ అన్నాడు. చివర్లో జేబులో చెయ్యి పెట్టుకుని, వైట్‌హౌస్‌లో తన మాట వింటున్నారనీ, తన ఇంట్లో మాత్రం ఆ అదృష్టం లేదనీ అన్నాడు. గదంతా నవ్వింది. టోలండ్ కూడా.

తర్వాత లొరెట్టా వంతు. విమర్శ చెప్పేవాళ్ళకి ఆ సభల్లో ఒక పద్ధతుంది. ముందు రచయితకి కృతజ్ఞతలు. ఆ తర్వాత వ్యాసం ఎంత గొప్పదో నాలుగు మాటలు. అవన్నీ అయ్యాక, తనకి కొన్ని చిన్న సందేహాలున్నాయని మెత్తగా మొదలుపెట్టాలి. లొరెట్టా లేచి నిలబడి అవన్నీ వదిలేసింది.

"ప్రొఫెసర్ ప్రూయిట్, వినని వాళ్ళని ఏం చేశారు?"

ప్రూయిట్ కళ్ళజోడు సర్దుకుని, అర్థం కాలేదన్నాడు.

"ప్రసంగానికి ముందు దేశమంతా ఫోన్లు చేయించింది నేను. ప్రసంగం అయ్యాక ఆ మనుషులందరికీ మళ్ళీ చేయాలని మీరూ నేనూ కూర్చుని రాసుకున్నాం. టీవీ చూసినా సరే, చూడకపోయినా సరే. అలా చేశారా?"

ప్రూయిట్ నవ్వాడు. క్లాసులో వెనక బెంచీ నుంచి తెలివితక్కువ ప్రశ్న వస్తే నవ్వే నవ్వు. "విననివాడి మనసు మాటతో ఎలా మారుతుంది, లొరెట్టా? మందు పుచ్చుకోనివాడికి జ్వరం తగ్గిందా అని అడుగుతామా?"

మళ్ళీ నవ్వులు వినిపించాయి, ఈసారి కాస్త పలచగా.

"అడుగుతాం," అంది లొరెట్టా. "మందు పుచ్చుకోనివాడికి కూడా తగ్గిపోతే ఆ మందు ఎందుకూ పనికిరాదని తెలుసుకోవడానికి అడుగుతాం. అలా అడగాలని నాకు నేర్పింది మీరు."

ఇర్విన్ చేతిలో ఉన్న చీటీని బల్ల మీద బోర్లా పెట్టాడు. ఆమెకి టైము అయిపోయిందని రాసున్న చీటీ అది. "ఆల్డెన్, అడిగారో లేదో చెప్పు. నా కాఫీ చల్లారిపోతోంది."

ప్రూయిట్ నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టి, దాన్ని కొంచెం పక్కకి జరిపాడు. ఆయన గొంతు తగ్గింది. "మొదటి ప్రశ్న, ప్రసంగం చూశారా అని. లేదన్నవాళ్ళకి థాంక్స్ చెప్పి ఫోను పెట్టేశారు. పొద్దున్నకల్లా అంకె కావాలన్నారు. అందరికీ చేసే టైము లేదు."

"ఎవరికి కావాలన్నారు?"

ఆయన చూపు అనుకోకుండా వెనక వరస వైపు పోయింది. గదిలో తలలన్నీ అటు తిరిగాయి.

లొరెట్టా ఇక ఆగలేదు. హాల్వర్సన్ తెర మీదకి రాగానే ఆయనంటే గిట్టనివాళ్ళు చానల్ మార్చేస్తారని చెప్పింది. ఆయనతో ఏ సంబంధమూ అక్కర్లేనివాళ్ళు బేస్‌బాల్ పెట్టుకుంటారు. చివరిదాకా కూర్చునేది ముందునుంచీ ఆయన్ని మెచ్చుకునేవాళ్ళే. ముందు అడిగినప్పుడు వాళ్ళూ వీళ్ళూ అందరూ లెక్కలో ఉన్నారు. తర్వాత అడిగినప్పుడు మెచ్చుకునేవాళ్ళు మాత్రమే మిగిలారు. ఆ రెండు లెక్కలకీ మధ్య తేడా తీసి దానికి ప్రజాభిప్రాయంలో మార్పు అని పేరు పెట్టారు.

"ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి గుమ్మంలో నిలబడి, బయటికొచ్చే వాళ్ళని దేవుడున్నాడా అని అడిగి, పాస్టరు గారు ఊరినంతా మార్చేశారని రాసినట్టుంది ఇది. ఒక్క మనిషి కూడా మారలేదు, ప్రొఫెసర్. ఆ తొమ్మిది మంది ఎక్కడా లేరు."

ఎవరూ నవ్వలేదు.

"దీంతో అయిపోతే మీతో నాకు గొడవే లేదు. మనలో సగం మంది వ్యాసాలు తప్పులే. కానీ దీన్ని పట్టుకుని వాళ్ళు ఒక రాజీని చంపబోతున్నారు. టర్‌పిన్ అవతలి పార్టీ మనిషి. అతను సంతకం పెడతానన్నాడంటే ఎవరూ చూడటం లేదు కాబట్టి. క్లినిక్కుల సంగతి అతనికి ఓటేసేవాళ్ళకి తెలియదు, పట్టదు. ప్రెసిడెంట్ టీవీలోకొచ్చి ఇది నా బిల్లు అన్నాడంటే, ఇన్నాళ్ళూ ఏ అభిప్రాయమూ లేనివాళ్ళకి పొద్దున్నకల్లా అభిప్రాయం వచ్చేస్తుంది. హాల్వర్సన్ బిల్లు కాబట్టి మాకొద్దు అంటారు. టర్‌పిన్ పెన్ను జేబులో పెట్టేసుకుంటాడు. ఆ క్లినిక్కుల్లో మనుషులు బతకాలంటే ప్రెసిడెంట్ చేయాల్సింది ఒక్కటే. నోరు మూసుకోవాలి."

వెనక వరసలో టోలండ్ లేచాడు. కోటు గుండీ పెట్టుకుని, తొందర లేనట్టుగా తలుపు తీసుకుని బయటికి వెళ్ళాడు. లొరెట్టా అతని వెనకే నడిచింది. సభ మధ్యలో విమర్శకురాలు గది వదిలి పోవడం అక్కడున్న వాళ్ళెవరూ చూసి ఉండరు. వెనక ఇర్విన్ గొంతు వినిపించింది. ఆమె టైము ఆమె ఎలాగైనా వాడుకోవచ్చు, ఎవరైనా ప్రశ్నలుంటే అడగండి అంటున్నాడు.

కింద హాల్లోకి దిగే మెట్ల దగ్గర టోలండ్‌ని పట్టుకుంది. తాను చెప్పింది విన్నారా అని అడిగింది. విన్నాననీ, చాలా బాగా చెప్పారనీ అన్నాడు. ప్రెసిడెంట్‌కి చెప్తారా అంది.

"ఏం చెప్పాలి, డాక్టర్ స్టిడమ్? ఆ అంకె కుంటిదని మాకు ఏప్రిల్‌లోనే తెలుసు."

లొరెట్టా అతనికి అడ్డంగా ఒక మెట్టు దిగి నిలబడింది. పైన గదిలో ఉన్నంతసేపూ ఆమె ఒక్కటే అనుకుంది. తప్పు చూపిస్తే చాలు, దిద్దుకుంటారని. ఇరవై ఏళ్ళుగా ఆమె చేస్తున్న పని అంతా ఆ నమ్మకం మీదే నడిచింది.

"తెలిసి కూడా..."

"ఆయనకి పోట్లాడాలని ఉంది. చిన్న చిన్న రాజీలతో విసిగిపోయాడు. దేశం తన వెనక ఉందని ఎవరో ఒకరు చెప్పాలి. ఒక ప్రొఫెసర్ చెప్పాడు. మేం బతిమాలలేదు కూడా."

"గెలవరు. బిల్లు పోతుంది. క్లినిక్కులు పోతాయి."

"పోతే పోయినట్టు. పోరాడి ఓడాడన్న పేరు వస్తుంది. వచ్చే ఏడాది ఎన్నికలు." టోలండ్ చేతి గడియారం చూసుకున్నాడు. "ప్రసంగం సోమవారం అనుకున్నాం గానీ ఈ రాత్రికే మార్చాం. మీరు కూడా చూడండి. చూసినవాళ్ళనే కదా లెక్కేసేది."

"పైన గదిలో ఉన్నవాళ్ళందరూ విన్నారు. నేను పేపర్ల వాళ్ళకి చెప్తాను. టీవీల వాళ్ళకి చెప్తాను."

"చెప్పండి," అన్నాడు టోలండ్, నిజంగా సలహా ఇస్తున్నట్టు. "కానీ మాటలతో జనం మారరని మీ సిద్ధాంతమే కదా. ప్రెసిడెంట్ చెప్తేనే మారనివాళ్ళు మీరు చెప్తే మారతారా?"

ఇంతలో హాల్లో ఒక మూలనున్న బార్‌లో ఎవరో టీవీ గొంతు పెంచారు. బల్ల పైన వేలాడుతున్న టీవీలో వైట్‌హౌస్ ప్రతినిధి విలేకరుల ముందు నిలబడి మాట్లాడుతున్నాడు. ఈ రాత్రి ప్రెసిడెంట్ జాతినుద్దేశించి ప్రసంగిస్తారని, ఇక రాజీలుండవని చెప్తున్నాడు. ప్రజలు ప్రెసిడెంట్ వెంట ఉన్నారనడానికి ఆధారం ఏమిటని ఎవరో అడిగారు. ఒహాయోలో ప్రజాభిప్రాయం మీద పేరున్న పరిశోధకురాలు, గని కార్మికుడి కూతురు, డాక్టర్ లొరెట్టా స్టిడమ్ చేసిన అధ్యయనమే ఆధారమని ఆ మనిషి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

ఎప్పుడు దిగి వచ్చాడో, ప్రూయిట్ ఆమె పక్కనే నిలబడి అది చూస్తున్నాడు.

"వైట్‌హౌస్‌కి పంపిన ప్రతిలో నీ పేరు ముందు పెట్టాను," అన్నాడు. "ఇది నీకు ప్రమోషన్ రావాల్సిన ఏడాది. మేలు జరుగుతుందనుకున్నాను. సగం పని నీదే కదా."

"ఏ సగం నాది? అడిగిన సగమా, అడగకుండా వదిలేసిన సగమా?"

"ఇలా టీవీలో చెప్తారనుకోలేదు, లొరెట్టా."

"మీరు నా పేరు పెట్టారు, టీవీలో ఆ మనిషి మా నాన్నని పెట్టాడు. మా నాన్న నలభై ఏళ్ళు ఆ దుమ్ము మింగి చచ్చిపోయాడు. ఆయన్ని కూడా మీ పట్టికలో ఎక్కించేశారు. ఇంకెవరైనా మిగిలారా మా ఇంట్లో?"

టోలండ్ అప్పటికే గోడ వారన వరసగా ఉన్న ఫోన్ల దగ్గరికి వెళ్ళి ఒకటి అందుకున్నాడు. లొరెట్టా పోయి అతని పక్క ఫోనే తీసింది. క్లినిక్కులో నర్సు ఎత్తింది. పేరు చెప్పగానే, మీకోసమే చూస్తున్నామంటూ ఓరిస్‌ని పిలిచింది. వెనక ఏదో గోలగా ఉంది. గొట్టం ఈడ్చుకుంటూ అతను ఫోను దాకా రావడానికి కాసేపు పట్టింది.

"లోరీ." రెండు మాటలకోసారి ఊపిరి అందుకుంటూ మాట్లాడాడు ఓరిస్. "టీవీలో నీ పేరు చెప్పారే. ఇక్కడ అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టి దగ్గుతో చచ్చారనుకో."

లొరెట్టా ఫోను తీగని వేలికి చుట్టుకుంది.

"నా పక్క కుర్చీలో ఎర్ల్ అయితే వాళ్ళావిడకి ఫోన్ చేసి మరీ చెప్పాడు. స్టిడమ్ వాళ్ళ పిల్ల చెప్పిందట, ఈసారి గెలుస్తామట అని. నీకేదో కేక్ కూడా చేస్తుందట ఆవిడ. చేయనీకు. ఆవిడ కేక్ తినడం కన్నా గనిలో దిగడం నయం."

"చప్పట్లు కొట్టొద్దని చెప్పు, ఓరిస్."

"ఏం?"

"అది నేను చెప్పింది కాదు. నేను చెప్పిందానికి తలకిందులు. ఆయన ఈ రాత్రి మాట్లాడితే మీ క్లినిక్కు పోతుంది."

ఓరిస్ గొంతు తగ్గించాడు. పక్కనున్నవాళ్ళు వినకూడదని.

"నిలబడుతుందన్నావు కదా, లోరీ."

"అన్నాను."

"ఇప్పుడు వీళ్ళకి నేనేం చెప్పను? అందరూ నా మొహమే చూస్తున్నారు."

పక్క ఫోన్లో టోలండ్ వైట్‌హౌస్‌లో ఎవరితోనో చిరాకుగా మాట్లాడుతున్నాడు. స్టిడమ్ అనే ఆవిడ కాదంటోందనీ, గదినిండా ప్రొఫెసర్ల ముందు ప్రూయిట్‌తో తప్పు ఒప్పించిందనీ, ఏం ఫరవాలేదు, ప్రొఫెసర్ల మాట ఎవరికి కావాలనీ చెప్తున్నాడు. నోరు మూసుకోవాలని కూడా అందని చెప్పి నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో తెగిపోయింది.

"సర్," అన్నాడు టోలండ్. "మీరు వింటున్నారని నాకు తెలియదు, సర్."

అతను నిటారుగా నిలబడ్డాడు. కాసేపు విన్నాడు. అవసరం లేదండీ అన్నాడు. ఆ మాట రెండోసారి అనబోయి ఆగిపోయాడు. నెమ్మదిగా ఇటు తిరిగి, లొరెట్టాకి ఫోను అందించాడు. చెయ్యి పూర్తిగా చాచలేదు.

"ఆయన మీతో మాట్లాడతారట."

లొరెట్టా ఆ నల్లటి ఫోను వైపు చూసింది. మాటలు మనుషుల్ని మార్చవని రుజువు చేయడానికి ఆమె తన వయసంతా పెట్టింది. ఎంత గొప్ప మనిషి మాట్లాడినా, ఎంత బాగా మాట్లాడినా, వినదలుచుకోనివాడు వినడు. ఆ సంగతి తన చేతులతో తానే అచ్చు వేయించింది. ఇప్పుడు ఒకే ఒక్క మనిషిని, ఒట్టి మాటలతో, ఈ రాత్రిలోపు మార్చాలి.

"పెట్టేయకు, ఓరిస్," అంది. "వింటూ ఉండు." ఎడమ చెవి దగ్గర తమ్ముణ్ణి అలాగే ఉంచుకుని, కుడి చేత్తో టోలండ్ దగ్గర్నుంచి ఫోను అందుకుంది.

దేశమంతా ఎరిగిన గొంతు. టీవీలో కన్నా ముసలిగా, అలసటగా ఉంది.

"డాక్టర్ స్టిడమ్? నేను మాట్లాడితే ఎవరూ వినరని చెప్తున్నది మీరేనా?"

"అవునండి."

"నన్ను నోరు మూసుకోమన్నది కూడా మీరేనా?"

ఆమె కళ్ళు మూసుకుంది. "నేనేనండి."

అవతల ఎవరో ఏదో చెప్పబోతే, ఆగమన్నట్టు ఆయన విసుక్కోవడం వినిపించింది.

"మొహానికి పౌడరు వేస్తున్నారు. అది అయ్యేదాకా కదలలేను," అన్నాడు ప్రెసిడెంట్ హాల్వర్సన్. "నేను వింటున్నాను. నన్ను మార్చండి చూద్దాం."

లొరెట్టా నోరు తెరిచింది. ఎడమ చెవిలో ఓరిస్‌కి దగ్గు మొదలైంది.